చిరుగు జాడ

కుక్క పట్టుకున్నది చేతిని కాదు, చేతి మీది శాలువాని. తరవాత జరిగిన గొడవంతటికీ మూలం ఆ ఒక్క సంగతే. పళ్ళు చేతిలో దిగి ఉంటే ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, డాక్టరు చూసి ఏదో ఒకటి రాసిచ్చేవాడు, లోకం నోరు మూసుకుని నమ్మేది. చలికాలం కాబట్టి, బట్టలకి రఫ్ఫు చేసే మేస్త్రి భార్య దళసరి ఉన్ని శాలువాని మడతలుగా చేతికి చుట్టుకుని వస్తోంది కాబట్టి, పళ్ళు ఉన్నిలోనే ఆగిపోయాయి. అదృష్టమే అనుకోవాలి. అదృష్టం కూడా మనిషిని ఒక్కోసారి ఎంత ఇరకాటంలో పెడుతుందో అప్పటికి ఆ భార్యాభర్తలిద్దరికీ తెలియదు.

ఇదంతా జరిగిన సందులో చివరి ఇల్లు వాళ్ళది. మొదట్లో ఉన్నది కాంట్రాక్టరు మేడ. ఆ మేడ గేటుకి గడియ సరిగా పడదు. బాగుచేయించమని మేస్త్రి భార్య అడిగినప్పుడల్లా "రేపే మనిషిని పిలుస్తానమ్మా" అంటాడు కాంట్రాక్టరు. అందరికీ ఇళ్ళు కట్టించి పెట్టే మనిషికి సొంత గేటు గడియ బిగించేవాడు దొరకడట! ఆ గేటు వెనక దూడంత కుక్క. దాని పేరు బుజ్జి. ఆ పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి.

ఆ మధ్యాహ్నం ఆవిడ లాండ్రీ షాపుల నుంచి బట్టల మూట తెస్తోంది. గేటు కిర్రుమంది. కుక్క మొరగలేదు, మొరిగి ఉంటే గోడ వారకి తప్పుకునేదే. చప్పుడు లేకుండా వచ్చి మోచేతి కింద పట్టేసింది. ఆవిడ పెట్టిన కేకకి మేస్త్రి కూర్చున్న స్టూలు చేత్తో పట్టుకుని అలాగే పరుగెత్తుకొచ్చాడు. ఆయన ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాడు. చీమ పాకితే వేలితో పక్కకి జరిపే రకం. స్టూలుతో కుక్క ముందు కాలి మీద ఒక్కటి వేశాడు. రెండోది వెయ్యడానికి ఎత్తాడు కానీ, అది అప్పటికే వదిలేసి కుంటుకుంటూ గేటులోకి పోతుంటే దించేశాడు. సందులో కిటికీలు ఒకటొకటే మూసుకున్నాయి.

ఇంట్లోకొచ్చాక భార్య మంచం అంచున కూర్చుని వణికింది. చెయ్యి కమిలి నీలంగా తేలింది, రక్తం మాత్రం చుక్క లేదు. మేస్త్రి మంచినీళ్ళిచ్చాడు. ఇచ్చి, ఏదో అనాలనుకున్నాడు. నేను ముందే వచ్చి ఉండాల్సింది అనో, భయపడకు అనో. ఆయన నోట్లోంచి అలాంటి మాటలు ఎప్పుడూ తిన్నగా రావు. కింద పడి ఉన్న శాలువా తీసి దులిపాడు.

"ఇప్పుడదెందుకండీ? అవతల పడెయ్యండి" అంది భార్య.

"చిరిగింది కదే."

"చిరిగితే చిరిగింది. ప్రాణం పోలేదు, సంతోషించండి."

మేస్త్రి వినలేదు. కిటికీ దగ్గర స్టూలు వేసుకుని శాలువాని ఒళ్ళో పరుచుకున్నాడు. ఆయనది రఫ్ఫు పని. కాలిన చోట, చిరిగిన చోట, పురుగు కొట్టిన చోట అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, నిలువు పోగు ఒకటి, అడ్డ పోగు ఒకటి, మళ్ళీ నేసినట్టుగా సూదితో అల్లాలి. పని అయ్యాక అక్కడ చిరుగన్నదే లేదనిపించాలి. కుట్టు కనిపించిందా, ఆ పని చెడినట్టే. పోగుల అంచులు సర్ది, పీచు కత్తిరించి, శాలువా అంచు మడతలోంచి ఒక్కొక్క పోగే విరగకుండా లాగుతూ కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించడం మాత్రం భార్య పని. ఆయనకి ఆ చూపు తగ్గిపోయింది. కమిలిన చేత్తోనే ఆవిడ దారం ఎక్కించి ఇచ్చింది. సాయంత్రం దీపం వేసే వేళకి శాలువా కొత్తదానిలా మంచం మీద ఉంది. ఆవిడ దాన్ని కప్పుకుని పడుకుంది. ఆయన చెప్పలేకపోయిన మాట ఆవిడకి అందింది. అందడం వరకు బాగానే అందింది.

మర్నాడు పొద్దున్నే పోలీసు గుమ్మంలో నిలబడ్డాడు. మూగజీవాన్ని కారణం లేకుండా కర్రతో కొట్టి కాలు విరిచారని కాంట్రాక్టరు ఫిర్యాదు ఇచ్చాడట.

"కర్ర కాదండీ, స్టూలు" అన్నాడు మేస్త్రి.

"మీరు కాస్త నోరు మూసుకుంటారా?" అని భార్య చెప్పులేసుకుంది. "పదండి. మనం పెట్టాల్సిన ఫిర్యాదు వాళ్ళు పెట్టారు. సిగ్గు లేకపోతే సరి!"

స్టేషన్లో అధికారి చెడ్డవాడేం కాదు. కళ్ళ కింద చారలతో, నిద్ర చాలని మొహంతో ఉన్నాడు. ఇద్దరినీ బల్ల ముందు కూర్చోబెట్టి ఫోను తెరిచి ఒక ఫొటో చూపించాడు. బుజ్జి పరుపు మీద పడుకుని ఉంది. ముందు కాలికి తెల్లటి కట్టు. కళ్ళు చూస్తే పాపం, ఎవరికైనా జాలి వేస్తుంది.

"మీద పడిందండీ" అంది మేస్త్రి భార్య. "చెయ్యి పట్టేసింది. ఈయన అడ్డం రాకపోతే ఈ పాటికి నాకు చెయ్యి ఉండేది కాదు."

"మీద పడిన జంతువుని కొట్టడం తప్పు కాదమ్మా" అన్నాడు అధికారి. "అది వదిలేదాకా, అవసరమైనంత కొట్టొచ్చు. వదిలేశాక వెంటపడి కొడితే తప్పు. మీ ఆయన ఎన్ని దెబ్బలు కొట్టాడు?"

"ఒక్కటే."

"అయితే చట్టం మీ వైపే ఉంది. ఏదీ చెయ్యి?"

ఆవిడ చూపించింది. నీలం ఇంకాస్త ముదిరింది.

"ఇది కరిచినట్టు లేదే. తలుపు తగిలినా ఇలాగే కములుతుంది కదమ్మా."

"శాలువా చుట్టుకున్నానండీ. శాలువా చిరిగింది. నాలుగు చోట్ల పళ్ళు దిగాయి. ఇదిగో, ఇదే శాలువా..." అంటూ ఆవిడ ఒంటి మీది శాలువా తీసి బల్ల మీద పరిచింది. పరుస్తూనే ఆగిపోయింది. అప్పుడు తట్టింది ఆవిడకి. మెల్లగా తల తిప్పి భర్త వైపు చూసింది.

అధికారి శాలువాని వెలుతురుకి పట్టి చూశాడు. తిప్పి చూశాడు. "ఎక్కడమ్మా?"

మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. "రఫ్ఫు చేశానండీ."

"ఎప్పుడు?"

"నిన్ననే. అప్పుడే."

బల్ల పక్కన రాసుకుంటున్న మనిషి కిసుక్కున నవ్వాడు. అధికారి నవ్వలేదు కానీ నవ్వాపుకున్నాడని తెలుస్తూనే ఉంది. "ఏమయ్యా, కుక్క కరిచిందని చెప్పుకోవాల్సింది పోయి, కరిచిన జాడ లేకుండా కుట్టుకుని కూర్చున్నావా?"

"విప్పేస్తానండీ. ఇప్పుడే విప్పి చూపిస్తాను. సూది ఇప్పించండి."

"ఇప్పుడు విప్పితే నువ్వే చింపావంటారు. అవతలివాళ్ళ వకీలు నిన్ను తినేస్తాడు." అధికారి శాలువా మడిచి ఆవిడకి తిరిగి ఇచ్చాడు. "చూసినవాళ్ళెవరైనా ఉంటే తీసుకురండి. సోమవారం కాంట్రాక్టరుగారూ వస్తారు. రుజువుంటే సరే. లేకపోతే రాజీ పడండి, కేసు కాకుండా చూస్తాను. నా చేతుల్లో ఉన్నది అంతవరకే."

దారి పొడుగునా భార్య రెండడుగులు ముందే నడిచింది. ఆవిడ తిడుతుంటే మేస్త్రికి భయం లేదు, తిట్టకపోతేనే భయం. సందు మొదట్లో కిరాణా కొట్టు దగ్గర ఆగి, కొట్టతన్ని అడిగింది. ఆ రోజు మధ్యాహ్నం అతను కొట్టు మెట్టు మీదే నిలబడి ఉన్నాడు. కేక విని ఇటు తిరగడం ఆవిడ కళ్ళారా చూసింది.

"నేనప్పుడు లోపల బియ్యం బస్తా దించుకుంటున్నానక్కా" అన్నాడు కొట్టతను, త్రాసు పళ్ళెం తుడుస్తూ.

"మెట్టు మీద నిలబడ్డావు. చేతిలో టీ గ్లాసు కూడా ఉంది."

"టీ తాగుతున్నప్పుడు ఎటో చూస్తాం, ఏమో చూస్తాం. గుర్తుండదక్కా." తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచాడు. ఆ కొట్టు కాంట్రాక్టరుది. ఆ మాట అతను అనలేదు, ఆవిడా అనలేదు. ఆవిడ ఉప్పు పొట్లం కొనుక్కుని వచ్చేసింది. ఉప్పు ఇంట్లో నిండుగా ఉంది.

ఇంటికొచ్చాక పేలింది.

"ఎవరికైనా చెబితే నవ్విపోతారు. పెళ్ళాన్ని కుక్క పీకితే, పెళ్ళాన్ని వదిలేసి శాలువా కుట్టిన మగాడు! ఒక్క రోజు ఊరుకోవా ఆ చేతులు? ఒక్క చిరుగు చిరుగులా ఉంటే మీకు అన్నం అరగదా?"

మేస్త్రి తల వంచుకుని సూదుల డబ్బా సర్దుకున్నాడు. 

"అబద్ధాలకోరుని చేశారు నన్ను. అందరూ ఎలా చూశారో చూశారా? ఆ రాసుకునే వెధవ నవ్వుతుంటే భూమిలోకి కుంగిపోయినట్టయింది."

"తప్పయిపోయిందే."

"ఆ ముక్క దాచిపెట్టుకోండి. సోమవారం కాంట్రాక్టరుకి చెప్పాలిగా."

శనివారం సాయంత్రం వెనక తలుపు ఎవరో తట్టారు. ఆ తలుపు అవతల మురుగు కాలవ, కాలవ పక్కనుంచి వర్క్‌షాపు గోడ వెంబడి పోయే ఇరుకు బాట. అటు నుంచి ఎవరూ రారు. మేస్త్రి తలుపు తీస్తే కాంట్రాక్టరు భార్య నిలబడి ఉంది. చెప్పులకి బురద. ఒక చెయ్యి శాలువా లోపలే ఉంది. రెండో చేత్తో కాగితపు సంచి అందించింది.

"కోటు, మేస్త్రిగారూ. చెయ్యి దగ్గర మేకు గీసుకుంది."

రఫ్ఫు పనిలో ఒక కట్టుబాటు ఉంది. బట్ట తెచ్చినవాళ్ళని ఎలా చిరిగిందని అడగరు. వాళ్ళంతట వాళ్ళు ఏది చెబితే దానికి తలూపుతారు. ఎవరి బట్టలో చిరుగు ఎక్కడుందో ఇంకొకరికి చెప్పరు. మేస్త్రికి ఈ పని నేర్పినాయన మొదటి రోజు చెప్పింది అదే, సూది పట్టుకోవడం ఆ తరవాత. మేస్త్రి తలూపి కోటు బయటికి తీశాడు. బూడిద రంగు ఉన్ని కోటు, మంచి నేత. ఎడమ చేతికి మణికట్టుకి పైన నాలుగు చిల్లులు, వాటి నుంచి కిందకి సాగిన చీలిక. లోపలి అస్తరు ఉతికారు కానీ గోధుమ రంగు మరక ఇంకా వదల్లేదు. శాలువాలో ఆయన అల్లిన చిరుగే ఇది. అదే దవడ, అదే లాగుడు.

"ఎప్పటికి కావాలమ్మా?"

"సోమవారం పొద్దున్నకి. నన్నూ రమ్మన్నారాయన స్టేషన్‌కి. చేతులు పూర్తిగా కప్పేది ఇదొక్కటే..." అని నాలుక కరుచుకుంది. "అంటే, చలి కదా."

"చలే మరి" అన్నాడు మేస్త్రి.

లోపల నుంచి మేస్త్రి భార్య వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. కాంట్రాక్టరు భార్య ముందు కళ్ళు దించుకుంది.

"నేనిక్కడికి వచ్చినట్టు..."

"ఎవరొచ్చారమ్మా? ఎవరూ రాలేదు" అన్నాడు మేస్త్రి.

ఆవిడ బురదలో అడుగులు చూసుకుంటూ వెళ్ళిపోయింది. తలుపు వేసీ వేయకముందే మేస్త్రి భార్య కోటు లాక్కుని చిరుగులోకి వేలు పెట్టి చూసింది. మొహం వెలిగిపోయింది. ఆ వారంలో ఆవిడ మొహంలో వెలుగు కనిపించడం అదే మొదటిసారి.

"మేకట, మేకు! మేకుకి పళ్ళుంటాయా? ఏమండీ, రుజువు దానంతటదే కాళ్ళొచ్చి మన గుమ్మంలోకి నడిచొచ్చింది. సోమవారం దాకా కూడా ఎందుకు, ఇప్పుడే పదండి. ఇది ఇలాగే ఆ బల్ల మీద పడేద్దాం. ఆ రాసుకునేవాడు ఇప్పుడు నవ్వమనండి!"

మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. కోటు కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు.

"అది మన దగ్గర పెట్టిన బట్టే. నమ్మి ఇచ్చింది."

"మరి నేనెవర్ని? నన్నెవరు నమ్ముతారు? మీకు ఊళ్ళోవాళ్ళ బట్టలంటే ఉన్న మర్యాద నేనంటే లేదా?"

ఆ మాట సూటిగా తగిలింది. మేస్త్రి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయనకీ ఆ కోటు తీసుకుని పరుగెత్తాలనే ఉంది. కాంట్రాక్టరు మొహం ఎలా మారుతుందో చూడాలని ఉంది. 

"ఆవిడ ఒక చెయ్యి బయటికి తీయనే లేదు. చూశావా?"

"చూశాను."

"మనం ఇది తీసుకెళ్ళి పెడితే, సాయంత్రానికి ఆవిడ తిరిగి వెళ్ళాల్సింది ఆ ఇంటికే. ఆ మనిషి దగ్గరికి, ఆ కుక్క దగ్గరికి. మనకైతే తలుపేసుకోవడానికి ఒక తలుపుంది."

భార్య కోటు పట్టుకుని అలాగే నిలబడింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది, వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నె ఒకటి ధనామని పెట్టింది. మళ్ళీ వచ్చి కోటు ఆయన ఒళ్ళో విసిరేసింది. "మీరు మారరు. మీతో పాటు నన్నూ మారనివ్వరు" అని, సూదుల డబ్బా తెరిచి, కోటు లోపలి మడతలోంచి ఆయన లాగి ఇచ్చిన బూడిద రంగు పోగుని సూదిలో ఎక్కించింది. ఆ రోజూ మర్నాడూ ఆయన అల్లుతూ ఉంటే పోగు అయిపోయినప్పుడల్లా అడక్కుండానే ఎక్కించి ఇచ్చింది.  సోమవారం తెల్లవారి కోటు వెనక తలుపు నుంచే వెళ్ళింది.

స్టేషన్లో కాంట్రాక్టరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన కుర్చీలో ఆయన భార్య, బూడిద రంగు కోటులో. మేస్త్రి ఆ చేతి వైపు చూడకూడదనుకున్నాడు. ఇన్నేళ్ళ అలవాటు, కళ్ళు మాట వింటాయా! పొద్దుటి వెలుతురు కిటికీలోంచి సరిగ్గా ఆ చేతి మీదే పడుతోంది. నేత ఎక్కడా చెదరలేదు. ఇంత బాగా కుదిరిన పని ఈ మధ్య ఆయన చెయ్యలేదు. చూపు నేలకి దించుకున్నాడు.

"సాక్షులెవరైనా దొరికారా?" అని అడిగాడు అధికారి.

"లేరండీ."

"ఎలా దొరుకుతారు సార్? జరిగితే కదా!" అన్నాడు కాంట్రాక్టరు. "మా బుజ్జి ఇంట్లో పసిపిల్లతో సమానం. దాని నోట్లో చెయ్యి పెట్టినా ఏమీ అనదు. కావాలంటే దీన్ని అడగండి, పొద్దున లేస్తే అన్నం పెట్టేది ఇదే."

అధికారి ఆవిడ వైపు తిరిగాడు. "ఏమ్మా? ఎప్పుడైనా ఎవరి మీదైనా పడిందా?"

ఆవిడ కుడి చెయ్యి ఎడమ మణికట్టు పైకి వెళ్ళి, కోటు మీద సరిగ్గా అక్కడ ఆగింది. కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"లేదండీ" అంది. "ఏమీ అనదు."

 ఇక పక్కనుంచి పిడుగు పడుతుందని మేస్త్రి ఎదురుచూశాడు. ఆయన భార్య ఊరుకునే మనిషి కాదు. కూరగాయల బండివాడు తూకంలో వేలు పెడితేనే వీధంతా వినిపించేలా కడిగేస్తుంది. ఆవిడ నోరు తెరిచింది. కోటు చేతి వైపు చూసింది. ఆ చెయ్యి మీది చెయ్యి ఇంకా అక్కడే ఉండడం చూసింది. తెరిచిన నోరు అలాగే మూసేసుకుని, కిటికీ వైపు తిరిగిపోయింది. కాంట్రాక్టరు భార్య అది గమనించింది. గమనించి, తెల్లబోయింది.

"రుజువు లేనప్పుడు మరి..." అని అధికారి సగంలో ఆపి, కళ్ళు నులుముకున్నాడు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు. "తప్పయిపోయిందండీ" అన్నాడు కాంట్రాక్టరుతో. "ఇంకెప్పుడూ జరగదు."

"ఏమిటి జరగదు? స్పష్టంగా చెప్పు."

"కుక్కని కొట్టను."

"ఇంకా?"

"మా ఇంట్లోవాళ్ళం వెనక బాటన వెళతాం. సందులోంచి రాం."

"అదీ! ముందే ఇలా అని ఉంటే ఇంత దూరం వచ్చేదా? ఇరుగుపొరుగు అన్నాక సర్దుకుపోవాలయ్యా" అని కాంట్రాక్టరు లేచి మేస్త్రి భుజం తట్టాడు. పెద్దమనిషి మరి! అధికారి బల్ల మీది కాగితాల్లోకి తల దించుకున్నాడు. కాటు తిన్నవాళ్ళు క్షమాపణ చెబితే కుక్కని వదిలినవాళ్ళు క్షమించేశారు. కేసు లేకుండా పోయింది, అందరికీ ఒక పని తగ్గింది.

ఇద్దరూ కాలవ బాటన ఇంటికొచ్చారు. బట్టల మూట తలకెత్తుకుంటే ఆ ఇరుకులో గోడకి రాసుకుంటుంది, దించుకుంటే కాలవలో పడుతుంది. ఇకమీదట రోజూ ఇదే దారి. ఒకచోట భార్య కాలు జారితే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ విదిలించుకోలేదు.

"ఆ కోటు మీది కుట్టు కూడా బాగా కుదిరిందండీ" అంది. వెటకారం కాదు. వెటకారమైతే ఆయన తట్టుకునేవాడు.

మర్నాడు పొద్దున మేస్త్రి కిటికీ దగ్గర ఎవరిదో ప్యాంటు మోకాలు ముందేసుకుని కూర్చున్నాడు కానీ సూది కదలడం లేదు. సందులో అడుగుల చప్పుడు వినిపించింది. తల ఎత్తాడు. కాంట్రాక్టరు భార్య నడిచొస్తోంది. ముందు వైపు నుంచి, సందు మధ్యలోంచి, వెలుతుర్లో. ఒంటి మీద అదే కోటు. కిరాణా కొట్టతను మెట్టు మీద నిలబడి అటే చూస్తున్నాడు, చేతిలో టీ గ్లాసు. ఆవిడ వెనక గేటు తెరిచే ఉంది. లోపల కుక్క గొలుసు చప్పుడవుతోంది.

గుమ్మంలోకొచ్చి ఆగింది. మేస్త్రి భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మీకు తెలుసు" అంది కాంట్రాక్టరు భార్య, ఆవిడనే చూస్తూ. "నిన్న మీ ఇద్దరికీ తెలుసు. అయినా ఊరుకున్నారు. నేను అంత మాట అన్నా ఊరుకున్నారు."

మేస్త్రి భార్య చేతులు తుడుచుకోవడం ఆపింది.

"రాత్రంతా నిద్ర లేదు నాకు. మీరు నాలుగు తిట్టి ఉంటే హాయిగా పడుకునేదాన్ని." ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "ఇది విప్పెయ్యండి, మేస్త్రిగారూ."

"ఏమిటమ్మా?"

"మీరు కుట్టింది. విప్పెయ్యండి. ఎలా ఉండేదో అలా కనిపించాలి."

 మేస్త్రి నోటికొచ్చిన మాట స్టేషన్లో నేర్చుకున్నదే. "ఇప్పుడు విప్పితే మేమే చింపామంటారమ్మా."

"నా ఒంటి మీదుండగానే విప్పండి. ఎవరు చింపారో నేను చెబుతాను." కోటు చెయ్యి ముందుకి చాపింది. "కింద చెయ్యి మానిపోతోంది. అది పూర్తిగా మానితే, నాకు తెలుసు, ఏమీ జరగలేదని నేనే అంటాను. ఇంతకు ముందు రెండుసార్లు అలాగే అన్నాను. అందుకని ఈ చిరుగు మానకూడదు."

ఆ తరవాత ఏమవుతుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. అధికారి వింటాడో వినడో. కాంట్రాక్టరు ఏం చేస్తాడో. ఆవిడ సాయంత్రం ఏ ఇంటికి వెళుతుందో. మేస్త్రి ఇవన్నీ అడగబోయి, మానేశాడు.

"అక్కా" అంది కాంట్రాక్టరు భార్య. ఎన్నేళ్ళుగానో ఒకే సందులో ఉంటూ ఆ పిలుపు పిలవడం అదే మొదలు. "ఇక్కణ్ణుంచి స్టేషన్‌కే వెళతాను. నాతో వస్తావా?"

"చెప్పులేసుకుంటాను" అంది మేస్త్రి భార్య. అని, వెళ్ళి వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. చూసేవాళ్ళని చూడనీ అన్నట్టు.

మేస్త్రి కాంట్రాక్టరు భార్యని కిటికీ దగ్గర కూర్చోబెట్టి కోటు చెయ్యి వెలుతురుకి పట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వేలితో తడిమాడు. ఆయన కుట్టు ఆయనకే దొరకలేదు. 

"ఇక్కడ" అంది ఆవిడ. కళ్ళు మూసుకుని, కోటు మీద ఒకచోట వేలు పెట్టి నొక్కింది. నొప్పికి పెదవి బిగించింది. "ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా."

మేస్త్రి ఆ వేలి పక్కన తన వేలు పెట్టుకుని, అక్కడే ఉంచి, రెండో చెయ్యి భార్య వైపు చాపాడు. ఆవిడ డబ్బా తెరిచి సన్నటి సూది ఏరి ఆయన చేతిలో పెట్టింది. ఈసారి దారం ఎక్కించలేదు.